శివారు బడికి వెలుగు కాలువ

కాలువ త్రవ్వుట యొక యెత్తు. ఆ కాలువ నీటిని కట్టకడపటి మడిదాక పారించుట వేఱొక యెత్తు. మొదటిదానికి ధనమును, కూలీలును, ఇంజనీరు లెక్కయు చాలును. రెండవదానికి ధర్మము కావలెను. తూము చెంత పొలము గలవానికి నీరు అడుగకయే వచ్చును. శివారు రైతు మాత్రము నారు వాడుచుండగా గట్టుపై నిలిచి ఎదురుచూడవలసినవాడే. అందువలననే పూర్వము చెఱువు క్రింద సేద్యము గల గ్రామములలో నీరుగంటి యను నౌకరు ఉండెడివాడు. వాని చేతిలో పార తప్ప ఆయుధము లేదు. ఐనను ఎవరి వంతు ఎప్పుడో, ఎవరి తూము ఎంతసేపు తెఱచి యుండవలెనో వాడెఱుగును. వాడు వంతు తప్పిననాడు శివారు భూమి బీడు పడెడిది. దాని శిస్తు మాత్రము నిలిచియే యుండెడిది.

భగీరథుని కథయు ఈ నీతినే చెప్పుచున్నది. గంగ స్వర్గమునుండి దిగినంతమాత్రమున సగరపుత్రులు తరింపలేదు. ఆమె శివుని జటాజూటమున చిక్కుకొనెను. జహ్నుమహర్షి ఆశ్రమమున మఱల ఆగిపోయెను. భగీరథుడు ఆగిన ప్రతిచోటను ప్రార్థించి, ముందు నడచి, ఆమెను పాతాళమందలి భస్మరాశులదాక కొనిపోయిన పిదపనే ఆ వంశమునకు సద్గతి కలిగెను. కావున ఏ మహాకార్యమును గూర్చి విచారించినను, అది ఎక్కడ ఆరంభమయ్యెనని అడిగినంతటితో చాలదు; ఎక్కడిదాక చేరెనని కూడ అడుగవలెను.

ఈ కాలమున విద్యకు సైతము అట్టి కాలువ యొకటి ఏర్పడినది. అందు పారునది వెలుగు. వెండ్రుకవంటి గాజుపోగులో వెలుగు మిణుకులుగా మాటలును, బొమ్మలును, పాఠములును పయనించుచున్నవి. దానినే ఆప్టికల్ ఫైబర్ అనియు, దాని ద్వారా వేగముగా లభించు ఇంటర్నెట్టును బ్రాడ్‌బ్యాండ్ అనియు లోకము వ్యవహరించుచున్నది. ఈ వాహినిని ప్రభుత్వ పాఠశాలలన్నిటికిని ఉమ్మడిగా కల్పింపవలెనని కొన్ని దేశములును, కొన్ని రాష్ట్రములును చేసిన యత్నముల చరిత్ర గ్రంథాలయ రజతోత్సవ సంచికలో చెప్పదగినదే. ఏలయన ఒక్కని సొత్తుగా నుండిన పుస్తకమును పదిమందికి ఉపయోగపడునట్లు చేయుట యను గ్రంథాలయధర్మమే ఈ ఉమ్మడి తీగకును మూలము.

కాలువపై వచ్చిన పుస్తకములు

ఆంధ్రదేశమునకు ఈ ధర్మము క్రొత్త కాదు. 1914లో బెజవాడయందు ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘము వెలసెను. అయ్యంకి వెంకటరమణయ్యగారు మొదలైన పెద్దలు ఊరూర తిరిగి గ్రంథాలయములు స్థాపింపజేసిరి. అవి స్థాపింపబడిన ఊళ్లకు మేలు కలిగెను. స్థాపింపలేని పల్లెల మాట యేమి? ఆ ప్రశ్నకు సమాధానముగా 1935లో పాతూరి నాగభూషణముగారు కృష్ణ కాలువపై కొల్లూరు, పెదవడ్లపూడిల నడుమ గ్రంథాలయపు పడవ నడిపించిరి. పొలములకు నీరు తెచ్చు కాలువయే చదువరులకు పుస్తకములు తెచ్చెను. ప్రతి రేవునందును ఒక గ్రంథాలయము కట్టుట సాధ్యము కాదు గాని, ఒకే పుస్తకముల పెట్టె అన్ని రేవులకు తిరుగుట సాధ్యమే. ఉన్నదానిని ఉమ్మడి చేసినచో కొఱత తగ్గునను సత్యము ఆనాటి పడవ నేర్పిన పాఠము.

ఐతే పడవ నడిపించుటకు సరంగునకు కూలి ఈయవలెను. పుస్తకములకు అట్టలు కట్టవలెను. దాతల ఉత్సాహము ఒక యేడు పొంగును, మఱు యేడు ఇంకును. ఈ సంగతి గ్రహించియే 1948లో మద్రాసు ప్రభుత్వమును, 1960లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వమును పౌర గ్రంథాలయ చట్టములు చేసెను. ఇంటిపన్నుతోపాటు గ్రంథాలయ సుంకము వసూలు చేయుట ఆ చట్టముల ప్రాణము. పన్ను రూపాయికి కొన్ని పైసలు మాత్రమే. పెద్ద మేడ గలవాడు ఎక్కువయు, పెంకుటిల్లు గలవాడు తక్కువయు చెల్లించును; గ్రంథాలయములో కుర్చీ మాత్రము ఇరువురకును ఒక్కటే. ఈ చిన్న పద్దులో ఇమిడియున్న న్యాయమే తరువాత వచ్చిన తీగల చరిత్రకు తాళపుచెవి.

ఉమ్మడి తీగ యనగా నేమి?

ఒక్కొక్క బడి విడివిడిగా ఇంటర్నెట్టు కొనబోయినచో జరుగునదేమి? వ్యాపారి తన లెక్క తాను చూచుకొనును. పట్టణములో పెద్దవీథి ప్రక్కనున్న బడికి తీగ ఇచ్చుట వానికి సులభము. కొండ దిగువను ముప్పదిమంది పిల్లలు గల బడికి తీగ తీసికొనిపోవలెనన్న మైళ్లకొలది స్తంభములు కావలెను. వచ్చు రుసుము మాత్రము ఒక్క బడిదే. కనుక వాడు కాదనును, లేదా మోయరాని వెల చెప్పును. ఇందు వ్యాపారి దోషము లేదు. లెక్కయే అట్లు పలుకును. దూరముననుండుటయే ఆ బడికి దండుగయగును.

వేయి బడులు ఏకమై ఒక్క కొనుగోలుదారుగా నిలిచినప్పుడు లెక్క మాఱును. "దగ్గరి బడికిని దూరపు బడికిని ఒకే వేగము, ఒకే ధర" యని ఒడంబడికలో వ్రాయించుకొనవచ్చును. దగ్గరి బడుల సౌలభ్యము దూరపు బడుల ఖర్చును కొంత మోయును. రాజధాని నుండి జిల్లాలకు ప్రధాన కాలువ, జిల్లానుండి మండలమునకు బ్రాంచి కాలువ, మండలమునుండి బడికి పిల్లకాలువ యన్నట్లుగా ఈ అల్లిక సాగును. ఒక బడి పిల్లలు ఆటస్థలమున నుండగా మఱొక బడి పిల్లలు పాఠము చూచుచుందురు. కావున అందఱికిని వేర్వేఱుగా కొన్నదానికన్న తక్కువ సామర్థ్యముతో అందఱి అవసరమును తీరును. పిల్లలు చూడదగని వానిని ఒక్కచోటనే వడకట్టవచ్చును. తీగ తెగినచో బాగుచేయు పనివారిని ఉమ్మడిగా నియమింపవచ్చును. ఇవి ఉమ్మడి వాహిని వలన కలుగు లాభములు.

ఆకాశమార్గము

భారతదేశమున బడులను ఒక్క సూత్రమున కూర్చు యత్నము మొదట నేలపైగాక ఆకాశమున జరిగెను. 1975 ఆగస్టు 1న ఆరంభమై 1976 జూలై 31 వఱకు నడచిన ఉపగ్రహ టెలివిజన్ బోధనా ప్రయోగమును పెద్దలు ఇప్పటికిని 'సైట్' అను పొట్టిపేరుతో తలచుకొందురు. అమెరికా వారి అంతరిక్ష సంస్థ ఏటీయస్-6 అను ఉపగ్రహమును ఒక్క సంవత్సరమునకు అరువిచ్చెను. ఆంధ్రప్రదేశ్‌తో సహా ఆఱు రాష్ట్రములలోని 2,400 గ్రామములలో పెద్ద పళ్లెములవంటి యాంటెన్నాలు నిలిపిరి. ఉదయము బడిపిల్లలకు పాఠములు, సాయంకాలము పెద్దలకు సేద్యము, ఆరోగ్యము మున్నగు విషయములు చూపిరి. తెలుగు పల్లెలకు తెలుగుననే కార్యక్రమములు వచ్చెను.

ఆకాశమునుండి కురియు వానకు శివారు లేదు. పట్టణమునకును అడవిపల్లెకును ఒకే క్షణమున ఒకే పాఠము చేరుట నాటివారికి అద్భుతమయ్యెను. గడువు తీరగానే ఉపగ్రహము వెడలిపోయెను. అరువు సొమ్ముతో సేద్యము చేసిన రైతు మఱుసటి యేడు విత్తనములకై వెదకుకొనినట్లు, ఆ కార్యమును కొనసాగించుటకు దేశము మఱల మార్గములు వెదకవలసివచ్చెను.

విద్యకే ప్రత్యేకింపబడిన స్వంత ఉపగ్రహము వచ్చుటకు ఇరువది యెనిమిదేండ్లు పట్టెను. 2004 సెప్టెంబరు 20న నెల్లూరు తీరమందలి శ్రీహరికోటనుండి ఎడ్యుశాట్ ఎగసెను. కేవలము విద్యకొఱకే ఉద్దేశింపబడిన మొదటి భారతీయ ఉపగ్రహమది. తెలుగునేలపైనుండి లేచిన ఆ వెలుగు దేశమందలి బడులను కలుపవలెనని సంకల్పము. కొన్ని చోట్ల అది చక్కగా ఫలించెను. చాల చోట్ల యంత్రములు వచ్చెను గాని వానిని నడుపువారు రాలేదు. పాఠములు సిద్ధము కాలేదు. చెడిన పరికరమును బాగుచేయువాడు దొరకలేదు. 2010లో ఆ ఉపగ్రహము సేవనుండి విరమించెను. 2013లో కంప్ట్రోలర్ అండ్ ఆడిటర్ జనరల్ వారి నివేదిక ఈ పథకపు నిర్వహణలోని లోపములను ఎత్తిచూపెను. ఆకాశమున గంగ సిద్ధముగనే యుండెను. ప్రతి బడి యెదుట ఒక భగీరథుడు లేకపోయెను.

కేరళము చేసిన పని

ఆ ఉపగ్రహమును చక్కగా వాడుకొన్న రాష్ట్రములలో కేరళము ముఖ్యమైనది. కారణమేమనగా, ఉపగ్రహము రాకముందే వారు మనుష్యులను సిద్ధపఱచి యుంచిరి. ప్రసిద్ధ అంతరిక్ష శాస్త్రజ్ఞుడు ఉడిపి రామచంద్రరావుగారి అధ్యక్షతను ఏర్పడిన సంఘపు సిఫారసుల ననుసరించి 2001లో 'ఐటీ ఎట్ స్కూల్' అను పథకమును ఆరంభించిరి. కంప్యూటర్లు కొనుటతో తృప్తిపడక, బడిలోని ఉపాధ్యాయులనే తర్ఫీదు చేసిరి. కొందఱు ఉపాధ్యాయులు ఇతర ఉపాధ్యాయులకు గురువులైరి. ప్రతి ఉన్నత పాఠశాలయందును కంప్యూటర్ల బాధ్యత వహించుటకు ఒక ఉపాధ్యాయుని సమన్వయకర్తగా నియమించిరి. పూర్వపు నీరుగంటి పదవియే క్రొత్త పేరుతో బడిలో వెలసినదనవచ్చును.

వారు చేసిన రెండవ పని గమనింపదగినది. కంప్యూటరును నడుపు సాఫ్ట్‌వేరును వెలపెట్టి కొనుటకు బదులుగా, ఎవరైనను ఉచితముగా వాడుకొనదగినదియు, మార్చుకొనదగినదియు నగు స్వేచ్ఛా సాఫ్ట్‌వేరును బడులలో ప్రవేశపెట్టిరి. కంప్యూటరు కంప్యూటరునకు లైసెన్సు రుసుము చెల్లించు భారము తప్పెను. తమ భాషకు, తమ పాఠ్యపుస్తకములకు అనువుగా దానిని దిద్దుకొను స్వాతంత్ర్యమును లభించెను. వ్యయమును తగ్గించుకొన్నవాడే దానమును పెంచగలడు.

2005 జూలై 28న రాష్ట్రపతి అబ్దుల్ కలాముగారు తిరువనంతపురమున 'విక్టర్స్' అను విద్యాప్రసార మార్గమును ప్రారంభించిరి. ఎడ్యుశాట్ ఆధారముగా పల్లెబడులకు పాఠములు అందించుట దాని ఉద్దేశము. క్రమముగా బడులకు నేలపై తీగయు వచ్చెను. 2017లో ఆ పథకమే 'కైట్' అను ప్రభుత్వ సంస్థగా రూపొందెను. 8 మొదలు 12 తరగతుల వఱకు గల 4,752 పాఠశాలలలో 45,000 తరగతి గదులకు ల్యాప్‌టాప్, ప్రొజెక్టరు, ఇంటర్నెట్టు సమకూర్చు పనిని ఆ సంస్థ చేపట్టెను. ధనము రాష్ట్ర మౌలిక పెట్టుబడి నిధినుండి వచ్చెను. ఆ నిధికి ఆధారములు మోటారు బండ్ల పన్నులోని భాగమును, పెట్రోలుపై విధించిన సుంకమును. బాటపై బండి నడుపువాడు చెల్లించు కాసు బడిలో తీగయై వెలిగెను. 1960 నాటి గ్రంథాలయ సుంకపు న్యాయమే ఇచ్చటను కనబడుచున్నది.

తీగ వచ్చినంతనే వేగము వచ్చినదని తలపరాదు. చాలకాలము ఆ బడులకు లభించినది 8 మెగాబిట్ల వేగము మాత్రమే. ఒక్క గదిలో ఒక్కరు చూచుటకు అది చాలును. పది గదులలో ఒకేసారి పాఠము జరిగినచో ఇఱుకు సందులో పది బండ్లు చొచ్చినట్లగును. 2022లో కైట్ సంస్థయు భారత సంచార నిగమమును ఒడంబడిక చేసికొని ఆ వేగమును 100 మెగాబిట్లకు పెంచ నిర్ణయించెను. బడులు విడివిడిగా బేరమాడినచో ఇట్టి మార్పు ఒక్కసారిగా సాధ్యమగునా?

2020 నాటి పరీక్ష

కట్టిన గట్టు బలము వరదనాడు తెలియును. 2020లో కరోనా మహమ్మారి వలన దేశమంతట బడులు మూతపడెను. కేరళము ఆ సంవత్సరము జూన్ 1న, విద్యాసంవత్సరపు మొదటి దినముననే, విక్టర్స్ ద్వారా 'ఫస్ట్ బెల్' అను పేర పాఠములు ప్రారంభించెను. పదునైదేండ్లుగా నడపుకొనివచ్చిన ప్రసారమార్గమును, తర్ఫీదు పొందిన ఉపాధ్యాయులును ఉండుటచే ఇది చేయగలిగిరి. తెలుగు రాష్ట్రములును సప్తగిరి, యాదగిరి టెలివిజన్ మార్గముల ద్వారా పాఠములు ప్రసారము చేసెను.

ఐనను ఒక చేదు సత్యము అప్పుడే బయటపడెను. కేరళమున జరిపిన లెక్కింపులో సుమారు 2.6 లక్షల విద్యార్థుల యిండ్లలో టెలివిజను గాని, ఇంటర్నెట్టు గాని లేదని తేలెను. బడిదాక తీగ పోయినది గాని, బడి మూతపడగనే ఆ తీగ వ్యర్థమయ్యెను. గిరిజన గూడెములలోను, సముద్రతీరపు జాలరి పేటలలోను, తేయాకు తోటల కూలీల వసతులలోను పిల్లలు ఈ వైపున నిలిచిపోయిరి. బడియనునది గోడలును బల్లలును మాత్రమే కాదనియు, పేదపిల్లకు అది పదిమందితో సమానముగా కూర్చుండగల ఏకైక స్థలమనియు నాడు లోకము గ్రహించెను.

అప్పుడు ఆదుకొన్నవానిలో గ్రంథాలయములు ఒకటి. ఆ రాష్ట్రమున పఠనాలయములు పల్లెపల్లెకు కలవు. వానిలో టెలివిజన్లు పెట్టించి, పిల్లలను దూరదూరముగా కూర్చుండబెట్టి, పాఠములు చూపిరి. అంగన్వాడీలును, మహిళా సంఘములును చేయూతనిచ్చెను. పుస్తకములు చదువుటకు కట్టిన చావడి బడియయ్యెను. పుస్తకపు బీరువా ప్రక్క టెలివిజను పెట్టిన ఆ దృశ్యము గ్రంథాలయ చరిత్రలో నిలువదగినది. వాహిని ఎంత దూరమునుండి వచ్చినను, కడపటి గజమును దాటించునది పొరుగువాడే.

అదే రాష్ట్రము 2023 జూన్ 5న 'కె-ఫోన్' అను ప్రభుత్వ ఫైబరు వాహినిని ప్రారంభించెను. విద్యుచ్ఛక్తి శాఖవారి స్తంభములపైననే గాజుపోగును నడపి, సుమారు 30,000 ప్రభుత్వ కార్యాలయములను, పాఠశాలలను కలుపుటయు, పేదకుటుంబములకు ఉచితముగా ఇంటర్నెట్టు ఇచ్చుటయు దాని లక్ష్యములు. బడినుండి ఇంటికి చేరు కడపటి పిల్లకాలువను గూర్చిన ఆలోచన 2020 నాటి అనుభవముతో మఱింత బలపడెను.

అమెరికావారి సుంకము

ఈ వ్యయమును ఎవరు భరింపవలెనను ప్రశ్నను అమెరికా సంయుక్త రాష్ట్రములు వేఱొక విధమున పరిష్కరించెను. అచ్చట 1994లో ప్రభుత్వ పాఠశాలలలో 35 శాతమునకు ఇంటర్నెట్టు ఉండెను. తరగతి గదుల లెక్కలో చూచినచో 3 శాతమునకే యుండెను. అనగా బడి గుమ్మముదాక వచ్చినది గాని పిల్లవాని బల్లదాక రాలేదు. 1996 ఫిబ్రవరిలో వచ్చిన టెలికమ్యూనికేషన్స్ చట్టమున బడులకును, గ్రంథాలయములకును ఒకే నిబంధన క్రింద తక్కువ వెలకు ఈ సౌకర్యము కల్పింపవలెనని శాసించిరి. మఱుసటి యేడు దానికి 'ఈ-రేట్' అను పథకము ఏర్పడెను. టెలిఫోను వ్యాపారులు తమ రాబడిలో కొంత భాగమును ఉమ్మడి నిధికి చెల్లింతురు. ఆ నిధినుండి బడులకు 20 మొదలు 90 శాతము వఱకు తగ్గింపు లభించును. ఎవరికెంత? బడిలో ఉచిత భోజనమునకో, తక్కువ వెల భోజనమునకో అర్హులైన పేదపిల్లలు ఎందఱను లెక్కను బట్టియు, బడి పల్లెలో నున్నదా యను దానిని బట్టియు నిర్ణయింతురు. భోజనపు పట్టీయే తీగకును కొలతయయ్యెను. 2005 నాటికి దాదాపు అన్ని ప్రభుత్వ పాఠశాలలకును, తరగతి గదులలో 94 శాతమునకును ఇంటర్నెట్టు చేరెను.

ఉమ్మడి కొనుగోలునకు ఆ దేశపు కాలిఫోర్నియా రాష్ట్రము మంచి దృష్టాంతము. 1997లో అక్కడి విశ్వవిద్యాలయములు కలసి 'సెనిక్' అను లాభాపేక్ష లేని సంస్థను స్థాపించి తమకొక వేగవంతమైన వాహినిని నిర్మించుకొనెను. కొలదికాలమునకే చిన్నపిల్లల బడులను అందు చేర్చుకొనిరి. 2010 తరువాతి దశకమున పౌర గ్రంథాలయములును చేరెను. పండితులకై త్రవ్విన కాలువలో పలక పట్టిన పిల్లవానికిని వంతు దొరకెను. ఇందొక విశేషము కలదు. ఆ రాష్ట్రపు బడుల వాహిని వ్యవహారమును చూచు బాధ్యత సంపన్న నగరములకు గాక ఇంపీరియల్ కౌంటీ విద్యాశాఖకు దక్కెను. మెక్సికో సరిహద్దున నున్న ఆ కౌంటీ ఒకనాటి ఎడారి. కొలరాడో నది నీటిని కాలువ ద్వారా తెచ్చుకొని పంటలు పండించుకొనిన సీమ. శివారు కష్టమెఱిగినవారి చేతికే తూము తాళము దొరకినదన్నమాట.

ఈ సుంకముపై వివాదములును తప్పలేదు. ప్రజాప్రతినిధుల సభ తానే విధింపవలసిన పన్నును అధికారులకు అప్పగించుట చెల్లదని కొందఱు న్యాయస్థానమున కెక్కిరి. 2025 జూన్‌లో ఆ దేశపు ఉన్నతతమ న్యాయస్థానము ఆఱుగురు న్యాయమూర్తులు ఒక వైపును, ముగ్గురు మఱొక వైపును నిలువగా, ఆ నిధి చెల్లునని తీర్పు చెప్పెను. తీర్పు మఱియొక విధమున వచ్చియుండినచో, ముప్పదియేండ్లుగా పెరిగిన చెట్టుకు నీరు ఆగియుండెడిది. ఉమ్మడి ధర్మము ఒక్కసారి స్థాపించి మఱచిపోదగినది కాదని దీనివలన తెలియుచున్నది.

తెలుగునేలపై తీగలు

భారతదేశమునందును అట్టి నిధి కలదు. 2002 ఏప్రిల్ 1 నుండి అమలులోనికి వచ్చిన సార్వత్రిక సేవానిధికి టెలిఫోను సంస్థలు తమ రాబడిలో 5 శాతము చెల్లించుచు వచ్చినవి. 2023 నాటి క్రొత్త చట్టము దానికి డిజిటల్ భారత్ నిధి యని పేరు మార్చెను. ప్రతి గ్రామపంచాయతీకి గాజుపోగు చేర్చవలెనని 2011లో కేంద్ర ప్రభుత్వము ఆమోదించిన పథకము ఈ నిధితోనే నడచినది. దానికే తరువాత భారత్‌నెట్ అను పేరు వచ్చెను. 2012లో ప్రయోగార్థము దేశమున మూడే బ్లాకులను ఎన్నుకొనగా, వానిలో విశాఖపట్నము చెంతనున్న పరవాడ యొకటి. రాజస్థానమందలి అరాయిన్, త్రిపురయందలి పానిసాగర్ తక్కిన రెండు. దేశమందలి పల్లెల తీగకు తొలి మడిగట్టు తెలుగునేలపైనను పడినదనుట సంతోషకరము.

2015లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము ఫైబర్‌నెట్ సంస్థను స్థాపించెను. నేల త్రవ్వుటకు కాలమును ధనమును హెచ్చుగా పట్టునని, ఉన్న విద్యుత్ స్తంభములపైననే తీగ లాగిరి. 2017 డిసెంబరు 27న రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్‌గారు దానిని ప్రారంభించిరి. తెలంగాణమున వేఱొక యుక్తి తోచెను. ఇంటింటికి మంచినీరిచ్చు మిషన్ భగీరథ గొట్టములకై త్రవ్విన కందకములలోనే గాజుపోగు గొట్టములను కూడ పఱచిరి. ఒక్క త్రవ్వకమున నీరును వెలుగును ప్రయాణము చేయుట, ఆ పథకమునకు భగీరథుని పేరే యుండుట, కథకు తగినట్లే యున్నది.

రెండు పద్ధతులకును గుణదోషములు కలవు. స్తంభముపై తీగ త్వరగా వచ్చును. గాలివానకు అంత త్వరగనే తెగును. తుపానులు తఱచుగా వచ్చు కోస్తాలో ఇది చిన్న విషయము కాదు. భూమిలోని తీగ గాలికి జంకదు. రోడ్డు వెడల్పు చేయువాని యంత్రమునకు మాత్రము బలియగును. ఏ తీగకైనను పర్యవేక్షకుడు కావలెను. నెలనెల రుసుము కట్టువాడు కావలెను. విద్యుత్తు పోయినప్పుడు బ్యాటరీ నిలువవలెను. ప్రారంభోత్సవపు ఫలకముపై ఈ పద్దులు వ్రాయరు. నిర్మాణమునకు ఒక్కసారి నిధి దొరకును. నిర్వహణమునకు ప్రతి యేడు వెదకవలెను. మొదటి పద్దు వ్రాసి రెండవ పద్దు ఖాళీగా విడిచిన చిట్టా ఎన్నటికిని సరిపడదు.

దేశమంతటి విద్యాశాఖ లెక్కల ప్రకారము 2023-24లో 53.9 శాతము పాఠశాలలకును, 2024-25లో 63.5 శాతము పాఠశాలలకును ఇంటర్నెట్టు కలదు. ఒక్క యేటిలో ఇంత పెరుగుట శ్లాఘనీయమే. ఐనను నూటికి ముప్పదియాఱు బడులు ఇంకను గట్టుమీదనే నిలిచియున్నవి. ఉన్నదని లెక్క వ్రాసిన బడులయందైనను, ఆ తీగ నెలకు ఎన్ని దినములు పనిచేసినదో, ఏ వేగమున పనిచేసినదో ఆ అంకె చెప్పదు. చెఱువు నిండినదని వ్రాసినంతనే శివారు తడిసినట్లు కాదుగదా.

గ్రంథాలయము చేయదగిన పని

ఈ చరిత్రను ఒక్కచోట చేర్చి చూచినచో మూడు సంగతులు తేలుచున్నవి. వేర్వేఱుగా కొన్న బడులు దూరమునకు దండుగ చెల్లించినవి. కలసికొన్న బడులు దూరమును పంచుకొన్నవి. ఉత్సాహముతో కట్టినవి కొన్ని యేండ్లకే మూలపడెను. సుంకముతో కట్టినవి నిలిచెను. యంత్రమును పంపి మనుష్యుని పంపనిచోట ఫలము రాలేదు. ఉపాధ్యాయుని మొదట సిద్ధము చేసినచోట ఉపగ్రహమైనను, తీగయైనను పంటనిచ్చెను.

గ్రామ గ్రంథాలయమునకు వీనితో నేమి పని యని ఎవరైన అడుగవచ్చును. ఇరువదియైదేండ్లుగా పదిమంది పెద్దల చందాలతోను, పదిమంది యువకుల శ్రమతోను తలుపులు తెఱచియుంచిన సంస్థకు ఈ పని అందఱికన్న బాగుగ తెలియును. బడి సాయంకాలము నాలుగుగంటలకు మూయుదురు. గ్రంథాలయము దీపము వెలిగించువేళ అది. బడికి వచ్చిన తీగ గ్రంథాలయమునకును వచ్చినచో ఇంట ఫోను లేని పిల్లయు అచ్చట కూర్చుండి పాఠము చూచుకొనును. దాని కొక బల్ల, ఒక కంప్యూటరు, చూపించుటకు ఒక పెద్దమనిషి చాలును.

దీనికన్న సులభమైన పనియు ఒకటి కలదు. గ్రంథాలయమున చదువరుల హాజరు పుస్తకము ఎటులను ఉండును. దాని ప్రక్కన మఱొక పుస్తకము పెట్టి, బడి తీగ ఏ దినమున ఆగినది, ఏ దినమున ఫిర్యాదు పంపినది, ఎన్ని దినములకు బాగయినది యని వ్రాసియుంచవచ్చును. వ్రాయని నష్టము ఎవరి కంటను పడదు. పై అధికారులకు అందిన పట్టికలో 'కలదు' అను ఒక్క మాటయే నిలుచును. సంవత్సరాంతమున ఆ పుస్తకమును పంచాయతీ సభలో చదివినచో, శివారు బడి మాట మొదటిసారిగా లెక్కలోనికి ఎక్కును. నీరుగంటి చేతిపార చేసిన పనిని ఈనాడు ఆ పుస్తకము చేయగలదు.

1935లో పడవ రేవున ఆగినప్పుడు గట్టుపై నిలిచిన పల్లెవాడు చేయి చాచి పుస్తకము నందుకొనెను. నేడు చేయి చాచి నిలిచినది వాని మునిమనుమరాలు. పడవ ఎంత వేగముగా పోవునదైనను, ఆమె యున్న రేవున ఆగవలెను.